పై ఫ్లాట్‌లో లీకు, మా గోడలో చెమ్మ: సంక్రాంతి నుంచి ఏప్రిల్ దాకా

మేం ఉండేది విజయవాడ పటమటలో, ఇరవై ఏళ్ళు దాటిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో. మాది రెండో అంతస్తు. మొన్న సంక్రాంతికి ముందే ఇల్లంతా రంగులు వేయించాం. 2025 జనవరి 15, కనుమ నాటి పొద్దున అత్తయ్య గదిలో స్విచ్ బోర్డు పక్కన రంగు పూరీలా పొంగి కనిపించింది. వేలితో నొక్కితే లోపల నీళ్ళు అటూ ఇటూ కదిలాయి. ఇంకాస్త నొక్కేసరికి పొర చిట్లి, సున్నం వాసన కొడుతూ నీళ్ళు నా మోచేతి దాకా కారాయి. దాని కింద పుట్టీ మెత్తబడి వేలికి అంటుకుంది.

ఆ గోడకి మళ్ళీ రంగు పడేసరికి ఏప్రిల్ నెలాఖరు అయింది. మధ్యలో ఏం జరిగింది, దేనికెంత అయింది, ఎక్కడెక్కడ ఆగాల్సి వచ్చింది అన్నీ వరసగా రాస్తున్నాను. లీకు ఎక్కడుందో పట్టుకోవడం సగం రోజు పని. అది ఎవరి పైపులో ఉందో అందరూ ఒప్పుకోవడానికి మాత్రం నెల పట్టింది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి అసలు కష్టం అక్కడే.

పెయింటర్‌కి ఫోన్ చేస్తే "పుట్టీ సరిగ్గా ఆరలేదేమో మేడమ్, పది రోజులు ఆగండి" అన్నాడు. మర్నాడు వచ్చి గీకి చూశాక తనే మాట మార్చాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి వెళ్ళాక సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్ళలో తడిసిన గోడల మీదే పని చేశాడట. "వరద తడి కింద నుంచి పైకి పాకుతుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. ఇది నడుమెత్తున మొదలైంది. దీనికి ఎక్కణ్ణుంచో రోజూ నీళ్ళు అందుతున్నాయి" అన్నాడు. మళ్ళీ రంగేస్తానని అనకుండా ముందు ప్లంబర్‌ని పిలిపించమన్నాడు. ఆ మాటకి అతనికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఎందుకంటే అదే రోజు మా వారు పెయింట్ షాపుకి వెళ్ళి అడిగితే, డ్యాంప్ ప్రూఫ్ డబ్బా కొనుక్కుపోయి రెండు కోటింగులు కొట్టమన్నారు. నీళ్ళు వస్తున్న గోడకి పైన ఏ పూత పూసినా తడి పక్కకి తిరుగుతుంది తప్ప ఆగదు.

ఆ వారంలోనే అసలు భయం పట్టుకుంది. రాత్రి పదకొండింటికి ఇంట్లో కరెంటు పోయింది. పక్క ఫ్లాట్లలో ఉంది. చూస్తే మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా లీకైతే లైను ఆపేసే స్విచ్) ట్రిప్ అయింది. మళ్ళీ ఎత్తితే కాసేపు నిలబడి మళ్ళీ పడిపోయింది. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి అత్తయ్య గదిలో స్విచ్ బోర్డు విప్పితే, లోపలి ఇనుప పెట్టె అడుగున నీళ్ళు నిలిచి ఉన్నాయి. స్క్రూల చుట్టూ పచ్చగా చిలుము. ఆ బోర్డు మీదే అత్తయ్య రోజూ రాత్రి లేచి తడి చేత్తో లైటు వేస్తుంది. ఆర్‌సీసీబీ లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ కాళ్ళలో వణుకొస్తుంది. ఆ గదికి వెళ్ళే లైను మొత్తం విడదీయించి, అత్తయ్య మంచాన్ని హాల్లోకి మార్చాం. ఎలక్ట్రీషియన్ 600 తీసుకున్నాడు. గోడలో చెమ్మ కనిపించి, దగ్గర్లో స్విచ్ బోర్డు ఉంటే ప్లంబర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

ఇక ప్లంబర్. ఆ గోడకి అవతల వైపు మా బాత్రూమే. అతను వచ్చి చెమ్మ చూశాడు, బాత్రూంలోకి వెళ్ళి షవర్ కింద టైల్స్ మీద వేళ్ళతో కొట్టి చూశాడు. "గోడలో పోయే మీ కన్సీల్డ్ లైనే అమ్మా. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కొట్టేద్దాం, కొడితేగానీ తెలీదు" అన్నాడు. పగలగొట్టడం, కొత్త లైను, మళ్ళీ టైల్స్ అన్నీ కలిపి 35 వేల దాకా అవుతుందన్నాడు. మచ్చ మా బాత్రూం గోడ మీద, మిక్సర్ (వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపే కుళాయి) ఎత్తులోనే ఉంది. పైన సీలింగ్ పొడిగా ఉంది. ఎవరికైనా అదే అనిపిస్తుంది.

గుంటూరులో ఉంటున్న మా తమ్ముడు ఫోన్లో వద్దన్నాడు. బ్రాడీపేటలో వాళ్ళది సొంత ఇల్లు, అంతకుముందేడు వాళ్ళకీ ఇలాంటిదే వచ్చింది. వాళ్ళు చేసిన పని చాలా తేలిక: రాత్రి పడుకునే ముందు మోటారు ఆపేసి, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం ఎక్కడుందో కొలిచి, తెల్లారి మళ్ళీ కొలిచారు. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు మీటరు వెడల్పు కాస్త దాటి ఉంటుంది కాబట్టి ఒక్క సెంటీమీటరు దిగిందంటే సుమారు తొమ్మిది లీటర్లు పోయినట్టే. సెకనుకి ఒక్క చుక్క కారినా రోజుకి నాలుగు లీటర్ల పైనే. సొంత ఇల్లుంటే ఒక్క రాత్రిలో, పైసా ఖర్చు లేకుండా, పైపులో లీకుందో లేదో ఇలా తేలిపోతుంది. అపార్ట్‌మెంట్లో ట్యాంకు అందరిదీ కాబట్టి ఈ లెక్క కుదరదు. "అయితే మీ బాత్రూం లైను వాల్వు కట్టేసి రెండు రోజులు చూడక్కా. చెమ్మ పెరిగితే మీది కాదు" అన్నాడు.

వినడానికి ఎంత సులువుగా ఉందో చేసేటప్పుడు అంత సులువుగా లేదు. మా బిల్డింగులో ఒక్కో ఫ్లాటు బాత్రూం లైనుకి ఒక్కో గేట్ వాల్వు పైన డాబా మీద ఉంది. ఆదివారం పొద్దున ప్లంబర్‌తో పైకి వెళ్ళాను. వాల్వు పిడి తుప్పు పట్టి కదల్లేదు. నూనె వేసి, రెంచి పట్టి, ఎలాగో తిప్పాడు. కిందకొచ్చి బాత్రూంలో కుళాయి విప్పితే ధార తగ్గింది, ఆగలేదు. పైపులో మిగిలిన నీళ్ళేమో అని పావుగంట ఆగాం. అయినా సన్నగా వస్తూనే ఉంది. అంటే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. వాల్వు కట్టాక కుళాయి విప్పి ఉంచి, చుక్క కూడా రావడం లేదని చూసుకోకుండా ఈ పరీక్ష చేస్తే లాభం లేదు. లీకు మనదే అయినా, మనది కాకపోయినా చెమ్మ పెరుగుతూనే ఉంటుంది.

పాత వాల్వు తీసి బాల్ వాల్వు పెట్టాలంటే ఆ వరస ఫ్లాట్లన్నిటికీ నీళ్ళు ఆపాలి. అసోసియేషన్ వాళ్ళు మళ్ళీ ఆదివారం పది తర్వాతే అన్నారు. అలా వారం పోయింది. జనవరి 26న వాల్వు మార్చారు. సామాను, కూలీ కలిపి 1,800. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఆ బాత్రూం పూర్తిగా వాడటం మానేశాం. గోడ మీద చెమ్మ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ, టైము రాశాను. మర్నాడు పొద్దున గీత దాటలేదు. నాకు గుండె జారిపోయింది, మనదేనేమో, 35 వేలు తప్పవేమో అనుకున్నాను. 28 పొద్దున చూస్తే చెమ్మ గీత దాటి, కింది వైపు రెండు వేళ్ళ వెడల్పు పాకింది. కుళాయిలో చుక్క లేదు, గోడకి మాత్రం నీళ్ళు అందుతున్నాయి. అంటే మా లైను కాదు. పెన్సిల్ గీతల్ని తేదీలతో సహా ఫోటోలు తీసి పెట్టుకున్నాను. తర్వాత అవే నాకు అక్కరకొచ్చాయి.

ఇక మిగిలింది పై ఫ్లాటు. అందులో అద్దెకుండేది కొత్తగా పెళ్ళయి, ఎనిమిది నెలల పాపతో ఉన్న జంట. ఓనర్ గారు బెంగళూరులో ఉంటారు. ఆ అమ్మాయి నా ఫోటోలు చూసి, కంగారుగా "ఆంటీ, మేమేమన్నా చేశామా? మా అడ్వాన్సులో పట్టుకుంటారా?" అని అడిగింది. లేదమ్మా, పైపు పాడైతే నువ్వేం చేస్తావు అని చెప్పాను గానీ, ఆ భయం తప్పేమీ కాదు. ఇలాంటివి చివరికి అద్దెకున్నవాళ్ళ నెత్తి మీదే పడతాయి.

ఓనర్ గారికి ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. "మేడమ్, మూడేళ్ళ క్రితమే బాత్రూమంతా కొత్తగా చేయించాను. మీ సీలింగ్ పొడిగా ఉందంటున్నారు కదా. పైనుంచి కారితే సీలింగ్ తడవాలి కదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే సీలింగ్ మీద చిన్న మరక కూడా లేదు. అయితే రంగు నీళ్ళ పరీక్ష చేసుకోమన్నారు.

ఫిబ్రవరి 1న చేశాం. పై బాత్రూంలో నహానీ ట్రాప్‌ని (నేల మీది నీళ్ళు పోయే జాలీ తూముని) ప్లాస్టిక్ కవరులో గుడ్డ చుట్టి బిగించి, నేల మీద రెండంగుళాల మేర నీళ్ళు నింపి, అందులో ఎర్ర రంగు కలిపారు. నేలలో, ట్రాప్ చుట్టూ పగులుంటే ఆ రంగు కిందికి దిగాలి. ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టారు. పాపని పెట్టుకుని ఆ పిల్లలు ఒక రోజంతా ఒక్క బాత్రూంతోనే సర్దుకున్నారు. మా గోడలో రంగు రాలేదు. మరో రెండు రోజులు చూశాం, రాలేదు. "చూశారా మేడమ్" అన్నారు ఓనర్ గారు. అక్కడితో ఆయన వైపు నుంచి విషయం అయిపోయింది.

ఆ పరీక్ష ఎంతవరకు చెబుతుందో నాకు తర్వాత తెలిసింది. రంగు నీళ్ళు నేలని, ట్రాప్‌ని మాత్రమే పరీక్షిస్తాయి. గోడలో ఉన్న ప్రెషర్ పైపుకి ఆ నీళ్ళతో సంబంధమే లేదు. పైగా బాత్రూం నేల కింద ఇటుక ముక్కలు, ఇసుక నింపి ఉంటే రంగు అక్కడే పట్టేసి, కిందికి తెల్ల నీళ్ళే దిగొచ్చు, రోజులు కూడా పట్టొచ్చు. రంగు వస్తే ఖాయం. రాకపోతే మాత్రం ఏమీ తేలనట్టే.

తర్వాతి పది రోజులు చాలా బాధపడ్డాం. అసోసియేషన్ వాళ్ళు "మీరూ మీరూ చూసుకోండి" అన్నారు. ఓనర్ గారు ఫోన్ ఎత్తడం తగ్గించారు. ఆయన లైను కూడా రెండు రోజులు కట్టించమంటే, అద్దెకున్నవాళ్ళకి ఇబ్బంది అన్నారు. ఆ పిల్లలు తమకేమీ ఇబ్బంది లేదన్నా వినలేదు. ఇంట్లో పాత గుడ్డల వాసన. అలమరాలో కింది అరలో ఉన్న నా పట్టుచీర ఒకటి మడత దగ్గర బూజు పట్టింది. అత్తయ్యకి దగ్గు పట్టుకుంది. హాల్లో పడుకోవడం ఆవిడకి అలవాటు లేదు, వచ్చేపోయేవాళ్ళ ముందు పగలు నడుం వాల్చడానికి మొహమాటం. పగలంతా కుర్చీలోనే కూర్చునేది. రోజూ పొద్దున లేవగానే గోడ దగ్గరికి వెళ్ళి చెమ్మ అంచు చూడటం నాకు అలవాటైపోయింది. ఆఫీసులో పని చేస్తున్నా ఆ గీతే కళ్ళ ముందు కనిపించేది.

ఆఫీసులో ఒకావిడ, లీకులు పట్టుకోవడమే పనిగా చేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారని నంబరు ఇచ్చింది. ఫీజు 6,000, జీఎస్టీతో 7,080. పట్టుకోవడానికే అంత, బాగు చేయడం వేరే. ముందు ఎక్కువ అనిపించింది. కానీ 35 వేలు పెట్టి పొడి గోడని పగలగొట్టించబోయాం కదా అని గుర్తొచ్చి సరే అన్నాను. ఫీజు ముందు నేనే కడతాను, లీకు మీ లైనులో తేలితే సగం మీరివ్వండి, తేలకపోతే అంతా నాదే అని ఓనర్ గారికి మెసేజ్ పెట్టాను. సాయంత్రానికి ఓకే అని వచ్చింది. డబ్బు విషయం ముందే రాతలో పెట్టుకోవడం వల్ల తర్వాత ఒక్క మాట కూడా అనుకోవాల్సి రాలేదు.

ఫిబ్రవరి 15, శనివారం. ఇద్దరు కుర్రాళ్ళు రెండు బ్యాగులతో తొమ్మిదిన్నరకి వచ్చారు. నా పెన్సిల్ గీతలు చూసి ఒకతను చాలా సంతోషపడ్డాడు.

ముందు చెమ్మ కొలిచే మీటరు తీశాడు. రెండు సూదులున్న చిన్న పరికరం, గోడకి గుచ్చితే అంకె చూపిస్తుంది. అది చెక్కకి చేసిన మీటరు కాబట్టి గోడ మీద ఆ అంకెని శాతంగా తీసుకోకూడదని, ఒక చోటుకీ ఇంకో చోటుకీ తేడా మాత్రం నమ్మొచ్చని చెప్పాడు. జానెడు జానెడు దూరంలో గుచ్చుతూ సుద్దతో అంకెలు రాసుకుంటూ పోయాడు. మచ్చ ఉన్నచోట ఎక్కువే. కానీ స్విచ్ బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకి, సీలింగ్ దాకా, అరచేయి వెడల్పున ఒక పట్టీలో కూడా అంకెలు ఎక్కువగానే వచ్చాయి. ఆ పట్టీకి అటూ ఇటూ గోడ పొడి. కంటికి ఏమీ కనిపించని చోట అది.

"ఇక్కడేం పోతోంది?" అని మా వారు అడిగారు. "కరెంటు పైపు సార్" అన్నాడతను. అప్పుడు అర్థమైంది సీలింగ్ ఎందుకు తడవలేదో. పైన ఎక్కడో కారిన నీళ్ళు శ్లాబులో వేసిన కరెంటు పైపు జాయింటులోకి దూరి, ఆ పైపులోనుంచే కిందికి దిగి, మా స్విచ్ బోర్డు పెట్టెలో పడి, అక్కణ్ణుంచి గోడకి పాకుతున్నాయి. ఇన్నాళ్ళుగా ఓనర్ గారు అడుగుతున్న ప్రశ్నకి అదీ జవాబు.

థర్మల్ కెమెరాతో మా గోడని చూపించాడు. మచ్చ నీలంగా, మిగతా గోడ పసుపుగా కనిపించింది. తడి ఆరుతున్నచోట గోడ చల్లబడుతుంది కాబట్టి అలా. గోడ లోపల ఉన్నదాన్ని ఈ కెమెరా చూడలేదని, పైన ఉన్న వేడి తేడాని మాత్రమే పట్టుకుంటుందని చెప్పాడు.

అందరం పైకి వెళ్ళాం. గీజర్ వేసి, నీళ్ళు బాగా కాగాక వేడి కుళాయి కాసేపు వదిలి కట్టేశాడు. కెమెరా గోడ వైపు పట్టుకున్నాడు. గీజర్ నుంచి మిక్సర్ దాకా టైల్స్ వెనక పైపు పోయే దారి పసుపు గీతగా తేలింది. మిక్సర్‌కి కాస్త కింద, మూల దగ్గర ఆ గీత అంచు చెదిరి, వెడల్పై, కిందికి జారింది. ఐదు నిమిషాల్లో ఆ పసుపు ఇంకా కిందికి దిగింది. పాపని ఎత్తుకుని ఆ అమ్మాయి, నేను, మా వారు, వాచ్‌మన్ అందరం ఆ చిన్న స్క్రీన్ మీదే కళ్ళు పెట్టి నిలబడ్డాం. ఇనుప రాడ్డులాంటి పరికరం చెవికి పెట్టుకుని కూడా విన్నారు గానీ శబ్దం ఏమీ రాలేదట. ట్యాంకు అక్కడికి పది మీటర్ల ఎత్తులో ఉంది. అంటే పైపులో ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి కేజీ మాత్రమే. అంత తక్కువ ప్రెషర్‌లో సన్నటి లీకు చప్పుడు చేయదు.

కెమెరా చూసి ఇదే అని చెప్పి వెళ్ళిపోతారేమో అనుకున్నాను. ప్రెషర్ పరీక్ష చేయకుండా టైలు మీద గుర్తు పెట్టం అన్నారు. కుళాయిలు విప్పి వాటి చోట ప్లగ్గులు బిగించారు, గీజర్‌ని లైను నుంచి విడదీశారు. లేకపోతే కుళాయి వాషర్ కారినా, గీజర్ వాల్వు వదిలినా పైపు లీకు అనుకునే ప్రమాదం ఉంది. చేతి పంపుకి ప్రెషర్ చూపించే గేజి పెట్టి, పైపులో గాలి లేకుండా వదిలి, ముందు చన్నీళ్ళ లైనుని 5 కేజీల ప్రెషర్‌కి కొట్టారు. అరగంట ఉంచారు. ముల్లు కదల్లేదు.

వేడినీళ్ళ లైను మొదలుపెట్టే ముందు నేను ఓనర్ గారికి వీడియో కాల్ చేసి, ఫోను గేజికి ఎదురుగా పెట్టాను. 5 దగ్గర ఉన్న ముల్లు మెల్లగా 4 దాటి, పది నిమిషాల్లో 3 దగ్గరికి వచ్చేసింది. ఎవరం మాట్లాడలేదు. "ఇంకోసారి కొట్టమనండి" అన్నారాయన. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అలాగే దిగింది. "సరే మేడమ్, మా లైనే. ఎన్ని టైల్స్ తీయాలో కనుక్కోండి" అన్నారు. నెల రోజుల టెన్షన్ ఒక్క క్షణంలో దిగిపోయింది. ఆయన మీద కోపం కూడా అక్కడే పోయింది. నా మాట మీద నమ్మకం లేని మనిషి గేజి ముల్లుని నమ్మారు. ఆయన స్థానంలో నేనున్నా కళ్ళతో చూసే ఒప్పుకునేదాన్నేమో.

మధ్యాహ్నం ఒంటి గంటకల్లా వాళ్ళ పని అయిపోయింది. రెండు టైల్స్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టి, రెండు రోజుల్లో ఫోటోలతో రిపోర్టు పంపారు.

పగలగొట్టడం ఫిబ్రవరి 22న. కటింగ్ మిషన్‌తో అంచులు కోసి తీస్తే నాలుగు టైల్స్‌తో సరిపోయింది. లోపల సీపీవీసీ పైపు (వేడినీళ్ళకి వాడే ప్లాస్టిక్ పైపు), మిక్సర్ కోసం ఇత్తడి మర ఉన్న ఎల్బో (పైపు మలుపు దగ్గర పెట్టే ముక్క). ఆ ఎల్బో ప్లాస్టిక్ మీద వెంట్రుకంత పగులు. వాల్వు తిప్పగానే పగుల్లోంచి సన్నటి పొగమంచులా తుంపర లేచింది, చేయి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఇత్తడి మరని బిగించేటప్పుడు ఎక్కువ బలం పెడితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మీద ఒత్తిడి నిలిచిపోతుందని, ఆ పైన రోజూ వేడికి సాగి, చల్లబడి ముడుచుకుని, కొన్నేళ్ళకి చీలుతుందని ప్లంబర్ చెప్పాడు. చలికాలంలో గీజర్ వాడకం పెరిగాకే మా గోడ పొంగింది, అదీ సరిపోయింది.

కొత్త ఎల్బో అతికించాక సాల్వెంట్ జిగురు గట్టిపడటానికి ఒక రోజంతా నీళ్ళు వదలకూడదన్నాడు. మర్నాడు మళ్ళీ గేజి పెట్టి చూశాకే గోడ పూడ్చనిచ్చాను. ఈసారి ముల్లు నిలబడింది. పూడ్చాక చూసుకుందాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాత టైల్స్ డిజైను ఎక్కడా దొరకలేదు. చివరికి ఆ నాలుగింటి చోట వేరే రంగు వేశారు. ఆ నాలుగు రోజులూ ఆ అమ్మాయి పాపకి స్నానం మా ఇంట్లోనే చేయించింది. అత్తయ్య తనే కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి పోసేది. దగ్గుతున్న మనిషి ఆ పది నిమిషాలూ దగ్గు మర్చిపోయేది. శివరాత్రి నాటికి వాళ్ళ బాత్రూం వాళ్ళకి వచ్చేసింది. పాప స్నానం మాత్రం ఇంకొన్నాళ్ళు కిందే సాగింది.

లీకు ఆగింది కదా, వారంలో రంగు వేయించేద్దాం అనుకున్నాం. పెయింటర్ కుదరదన్నాడు. తడిసిన మందం అంగుళానికి నెల చొప్పున లెక్కేసుకోండి అన్నాడు. ఇటుక కనిపించేదాకా ప్లాస్టర్ కొట్టించాం, మనిషెత్తున రెండు గజాల వెడల్పు. ఇటుకల మీద రోజూ తెల్లటి ఉప్పు పేరుకునేది. దాన్ని నీళ్ళతో కడగకూడదు, కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి ఊడ్చేసేదాన్ని. ఉగాది, మార్చి 30, అలా ఇటుకల గోడతోనే గడిచిపోయింది. గోడ ఆరిందో లేదో చూడటానికి పెయింటర్ ఒక పద్ధతి చెప్పాడు. అరగజం పాలిథిన్ కాగితాన్ని గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒక రోజు ఉంచాలి. తీసేటప్పుడు లోపలి వైపు చెమర్చి ఉంటే గోడలో ఇంకా తడి ఉన్నట్టే. మార్చి మూడో వారంలో చెమర్చింది. ఏప్రిల్ మొదట్లో కూడా అంచుల్లో చెమర్చింది. ఎండలు ముదిరాక, ఏప్రిల్ పదో తారీకున, పొడిగా వచ్చింది. అప్పుడు ప్లాస్టర్ చేయించి, అది ఆరాక నెలాఖరులో రంగు వేయించాం. బోర్డు పెట్టె, ఆ పైపులోని వైర్లు మొత్తం కొత్తవి వేయించాం. పాత వైర్లు బాగానే ఉన్నాయి కదా అని ఎలక్ట్రీషియన్ అన్నా నేను ఊరుకోలేదు.

ఖర్చు సంగతి. ఎలక్ట్రీషియన్‌కి మొదటిసారి 600, తర్వాత వైర్లు, బోర్డు కలిపి 3,200. మా వాల్వు 1,800. లీకు పరీక్షలో ఓనర్ గారు మాట ప్రకారం సగం, 3,540, పంపారు. పైన ప్లంబింగ్, టైల్స్ 14 వేల దాకా అయ్యాయి, అంతా ఆయనే పెట్టుకున్నారు. మా గోడ ప్లాస్టర్‌కి, రంగుకి 11,500 అయితే అందులో 8,000 ఇచ్చారు. ఆ పిల్లల అడ్వాన్సు జోలికి వెళ్ళనని నాతో ఫోన్లో చెప్పారు, అదే మాట వాళ్ళకీ మెసేజ్ పెట్టమని అడిగి పెట్టించాను.

ఇక మిగిలింది అలమరా. అడుగు ప్లైవుడ్ ఉబ్బి తలుపు పట్టడం లేదు, కార్పెంటర్ 9,000 చెప్పాడు. దాని గురించి ఓనర్ గారు చూద్దాం అన్నారు, ఇంకా తేల్చలేదు. ఫోటోలు, కార్పెంటర్ రాసిచ్చిన కాగితం పంపాను. వచ్చే నెల ఆయన విజయవాడ వస్తున్నారట, అప్పుడు ఇంటికి రమ్మన్నాను.